వంపు రెక్కల విమానం

పార్శిల్ వచ్చిన రోజు షాహిస్తా ల్యాబు నుంచి ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. తండ్రి జాన్ సాహెబ్ మంచం మీద దుప్పటి పరుచుకుని, దాని మీద ఒక అట్టపెట్టె బోర్లించి, అందులోంచి పడిన ముక్కల్ని ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. అన్నీ మీగడ రంగువి. కొన్ని వేలెడంత ఉన్నాయి, కొన్ని గోరంత, కొన్నయితే బియ్యపు గింజంత.

"ఏంది నాన్నా ఇవి?"

"విమానం," అన్నాడాయన. "మీ తమ్ముడు పంపిచ్చాడు."

షాహిస్తా చెప్పులు విప్పకుండానే తమ్ముడికి ఫోన్ చేసింది. అక్రం హైదరాబాదులో సెల్‌ఫోన్ల షోరూములో పనిచేస్తాడు. తండ్రి ఎయిర్‌ఫోర్సులో ఉన్నప్పుడు పనిచేసిన విమానం బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికి వెతికి, ఏదో విదేశీ సైటు నుంచి తెప్పించాడట.

"రెడీగా వస్తదనుకున్నా అక్కా. పెట్టె మీద ఫొటో అట్టా ఉంది మరి. ఇట్టా ముక్కలు ముక్కలుగా వస్తదని నాకేం తెలుసు?"

అది రెజిన్ అనే ఒకరకం ప్లాస్టిక్‌తో పోత పోసిన నమూనా విమానం కిట్టు. ముక్కల్ని కోసి, అరగదీసి, అతికించి, రంగు వేసుకుంటే జానెడు పొడవున్న కారిబూ విమానం తయారవుతుంది. కారిబూ అంటే సరుకులు మోసే విమానం. రెండు ఇంజిన్లు, పైకి లేచిన తోక, వెనక వైపు తెరుచుకునే పెద్ద తలుపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో జాన్ సాహెబ్ చాలా ఏళ్ళు అస్సాంలో ఆ విమానాల మీదే ఫిట్టరుగా పనిచేశాడు. రెక్కలు, తోక, తలుపులు, చక్రాల కాళ్ళు, ఇలా విమానం ఒంటికి సంబంధించిన పనంతా ఆయనలాంటి వాళ్ళది. రిటైరయి నరసరావుపేట వచ్చాక బరంపేటలో నీళ్ళ మోటార్ల రిపేరు షాపు పెట్టి చాలాకాలం నడిపాడు. తర్వాత షుగరు కళ్ళ మీద పడింది. కుడికన్ను ముందు మసకేసింది, ఆ వెంటనే ఎడమది. ఇప్పుడు గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. షాపు మూసేశాడు. టీవీ వింటాడు. ఎండ ఎటు మళ్ళితే కుర్చీ అటు జరుపుకుంటాడు.

కిట్టు వచ్చాక నాలుగు రోజులు ఆయన ఒంటరిగా ప్రయత్నించాడు. ఒకరోజు రెండు ముక్కలు అతికించబోయి బొటనవేలూ చూపుడువేలూ కలిపి అతికించుకున్నాడు. భార్య మాబున్నీసా కొబ్బరినూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, విసుక్కుంటూ విడదీసింది. ఇంకోరోజు బ్లేడుతో అంచు గీస్తూ అరచెయ్యి కోసుకున్నాడు. ఆ సాయంత్రం కట్టు కట్టిన చేత్తోనే ముక్కలన్నీ ఏరి పెట్టెలో వేసి, పెట్టెను మంచం కిందికి తోసేశాడు.

"నువ్వు చెయ్యరాదటే," అంది మాబున్నీసా కూతురితో. "పొద్దుగూకులూ పళ్ళు చేస్తానే ఉంటావుగా. ఇదీ ఆ సరుకేనంట. రెండు ముక్కలు అతికించిస్తే సంతోషపడతాడు."

"అమ్మా, ఆ వాసన నాకు ఇంట్లో కూడా వొద్దు," అంది షాహిస్తా.

ఆమె చేసేది మల్లమ్మ సెంటర్ దగ్గర ఒక డెంటల్ ల్యాబులో. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. ఉదయం కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడం, మళ్ళీ చీకటి పడేదాకా వంగి కూర్చోవడం. చేతిలో అరగదీసే మిషను తిరుగుతుంటే గులాబి రంగు పొడి కనుబొమల మీద, చెవుల వెనక, చున్నీ మడతల్లో పేరుకుంటుంది. తలంటుకున్నా జుట్టులో ఆ వాసన పోదు. మెడ నుంచి భుజం దాకా ఎప్పుడూ ఒక తాడు బిగించినట్టు ఉంటుంది. భర్త ఇర్ఫాన్ మాచర్ల వైపు నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులు తక్కువ కాబట్టి పెళ్ళయినా ఆమె తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక ఆమెకు కావలసిందల్లా గోడకి వీపు ఆనించి కాసేపు ఏమీ చూడకుండా కూర్చోవడం.

పెట్టె మంచం కిందే ఉంది. ఊడ్చేటప్పుడు మాబున్నీసా దాన్ని అటు జరిపేది, ఇటు జరిపేది.

వేసవి మొదట్లో తండ్రిని గుంటూరు కంటాసుపత్రికి తీసుకెళ్ళింది షాహిస్తా. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. కుడికంటికి ఇక చేసేదేమీ లేదన్నాడు. ఎడమకంటి సంగతి అడిగితే, ఉన్నంతవరకు జాగ్రత్తగా చూసుకుందాం అన్నాడు. ఆ మాట తండ్రితో కాకుండా తనతో చెప్పడం షాహిస్తా గమనించింది. తండ్రి కూడా గమనించాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చింది. వేడిగాలి ముఖాన కొడుతోంది. ఫిరంగిపురం దాటింది.

"మంచం కింద ఆ పెట్టె ఉందే," అన్నాడు చివరికి. "నీకు చెయ్యాలని ఉంటే ఈలోపే చెయ్యమ్మా. లేకపోతే లేదు, అటక మీద పడేద్దాం. కింద ఉంటే కాలికి తగల్తంది."

ఆయన ముఖం కిటికీ వైపే పెట్టుకుని కూర్చున్నాడు. సెలవు పెట్టినందుకు షాహిస్తాకు ఆ పూట జీతం పోయింది, పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ తాగలేదు, తల పగిలిపోతోంది. ఒక్క క్షణం ఆయన మీద కోపం వచ్చింది. ఆ "ఈలోపే" అన్న మాట మీద కోపం వచ్చింది.

"సరేలే," అంది. "ఆదివారం చూస్తా."

ఆదివారం పెట్టె తీసింది. షాహిస్తా ముక్కలన్నీ తల్లి బియ్యం కడిగే చిల్లుల గిన్నెలో పోసి సబ్బునీళ్ళతో కడిగింది. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు పోకపోతే జిగురూ పట్టదు, రంగూ పట్టదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ల్యాబులో రోజూ చేసే పనే. గిన్నె పాడైపోయిందని మాబున్నీసా మధ్యాహ్నం దాకా గొణిగింది.

ప్రతి ముక్కకూ పోత పోసిన చోట లావుపాటి మొలక ఒకటి మిగిలి ఉంది. సన్నరంపంతో ఆ మొలకలు కోసింది. పెరటి మెట్టు మీద కూర్చుని, మూతికి మాస్కు కట్టుకుని, నీళ్ళలో ముంచిన సాండ్‌పేపరుతో అంచులు రుద్దింది. గాలి బుడగలు పేలి సూది బెజ్జాల్లా మిగిలిన చోట్ల మెత్తటి ముద్ద నింపి ఆరబెట్టింది. విమానం ఒళ్ళు రెండు చిప్పలుగా ఉంది. వాటిని కలిపి అతికించి, రబ్బరు బ్యాండ్లు వేసి తండ్రి చేతిలో పెట్టింది.

జాన్ సాహెబ్ ముక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టి తోక దాకా వేలు పోనిచ్చాడు. తోక దగ్గర ఒళ్ళు ఒక్కసారి పైకి లేచే చోట వేలు ఆగింది.

"ఇక్కడే తలుపు. బియ్యం బస్తాలు ఇక్కణ్ణించే తోసేవాళ్ళు."

"నువ్వు తోశావా?"

"ఒకటి రెండు సార్లు తీసకపోయారు, మనుషులు చాలక. నా పని కిందే."

అలా మొదలై, ఆదివారాలు, వారంలో ఓపిక మిగిలిన ఒకటి రెండు సాయంత్రాలు ఆ పనికే పోయాయి. షాహిస్తా దాన్ని ఇష్టంగా చేసిందని చెప్పడానికి లేదు. గిన్నెలు తోమినట్టు చేసింది. మొదలుపెట్టింది కాబట్టి, అవ్వాలి కాబట్టి. ఆయన మాత్రం మధ్యాహ్నం నుంచే ఆమె కోసం చూసేవాడు. గేటు చప్పుడు కాగానే టీవీ ఆపేసేవాడు. ఆ టీవీ ఆగడం వినిపించగానే ఆమెకు భుజం మీది తాడు ఇంకొంచెం బిగిసేది.

ఒక సాయంత్రం రెక్క తీసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ముక్క. చూస్తే తిన్నగా లేదు. నడిమధ్య నుంచి రెండు వైపులా కిందికి జారి, కొంత దూరం పోయాక మళ్ళీ పైకి లేచింది. ఆమెకు నవ్వొచ్చింది. ఎండలో బండి డిక్కీలో పెట్టి మరిచిపోయిన పళ్ళసెట్టు సరిగ్గా ఇలాగే మెలికలు తిరుగుతుంది. ఎన్ని వేల మైళ్ళ నుంచి వచ్చిందో, దారిలో వేడికి వంగిపోయి ఉంటుందనుకుంది. కిట్టుతో వచ్చిన కాగితం మీద బొమ్మలు పైనుంచి చూసినట్టు గీసి ఉన్నాయి, వాటిలో రెక్క తిన్నగానే కనిపిస్తోంది. పెట్టె మీది ఫొటోను తీసి చూసే ఓపిక లేకపోయింది. నీళ్ళు కాచి, రెక్కను అందులో వేసి మెత్తబడనిచ్చింది. ల్యాబు నుంచి తెచ్చిన రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువుగా ఉంచింది. చల్లారాక తీస్తే స్కేలులా వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమెకు తన పని మీద కొంచెం ముచ్చట వేసింది.

"రెక్క చూడు నాన్నా," అని ఇచ్చింది.

ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్ళు మధ్య నుంచి కొసలకు, కొసల నుంచి మధ్యకు నడిచాయి. మళ్ళీ ఇంకోసారి నడిచాయి.

"దీన్ని ఎవురు సాపు చేశారు?"

"నేనే. వంకరపోయి వచ్చింది. వేణ్ణీళ్ళలో వేసి తిన్నగా చేశా."

"అది వంకర కాదమ్మా," అన్నాడు మెల్లిగా. "దాని వాటమే అది. రెక్క ఒంటి మీద ఎత్తున ఉంటది. అక్కణ్ణించి కిందకి జారితేనే ఇంజిన్ నేలకి దగ్గరవుద్ది, చక్రాల కాళ్ళు పొట్టిగా సరిపోతయ్. ఇంజిన్ దాటినాక మళ్ళీ పైకి లేస్తది. దూరం నించి వచ్చేది మనదో కాదో ఆ వంపును బట్టే పోల్చుకునేవాళ్ళం."

షాహిస్తా అప్పుడు పెట్టె మీది ఫొటో చూసింది. ఆయన చెప్పినట్టే ఉంది.

"ముందే చెప్పొచ్చుగా," అంది. గొంతు తనకే కటువుగా వినిపించింది. "ముక్కలన్నీ తడిమావుగా. రెక్క ఇట్టా ఉంటదని ఒక్క మాట చెప్తే ఏం పోయింది? పొద్దున్నించీ నడుం ఎత్తకుండా చేసొస్తా, వచ్చినాక మళ్ళీ ఇదే. నా వల్ల కాదు నాన్నా. నాకు ఇది చాతకాదు."

మాబున్నీసా వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

జాన్ సాహెబ్ రెక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు. "సర్లే. ఇదీ బానే ఉంది," అన్నాడు. "ఇట్టాగే అతికిచ్చెయ్. చూసేదెవురు?"

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. నిజంగానే ఆమెను వదిలేయడానికి అన్నాడు. షాహిస్తా స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, బకెట్టు నిండి పొర్లేదాకా నిలబడింది. బయటికి వచ్చేసరికి ఆయన పడుకున్నాడు. అన్నం తర్వాత తింటానన్నాడట.

మర్నాడు ల్యాబులో హన్నమ్మతో చెప్పింది. హన్నమ్మ అచ్చుల్లో ప్లాస్టరు పోసే పని చేస్తుంది. షాహిస్తా కంటే పెద్దది, ఇరవై ఏళ్ళుగా ఆమె చేతులు తెల్లగానే ఉన్నాయి. చెప్పిందంతా వింటూ ప్లాస్టరు కలుపుతూనే ఉంది.

"అచ్చంపేట ముసలామె సెట్టు మళ్ళొచ్చింది," అంది హన్నమ్మ, అది విన్నాక. "ఈసారి ఎడమ పక్క గుచ్చుకుంటందంట."

"మళ్ళీనా?"

"ఆమె నోరు మనకెట్టా తెలుస్తది షాహిస్తా. డాక్టరమ్మకి చెప్పా, ఇంకోసారి మైనం కొరికిచ్చి పంపమని. మనం ఎంత అరగదీసినా లాభం లేదు. ఆమె కొరికి చూపిస్తేనే."

మధ్యాహ్నం అన్నం తింటుండగా షాహిస్తాకు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. దవడ ఎలా కలుస్తుందో తెలియనప్పుడు మెత్తబరచిన మైనం బిళ్ళ నోట్లో పెట్టి కొరకమంటారు. మనిషి కొరికిన అచ్చును బట్టి పళ్ళు అమరుస్తారు. విమానం రెక్క వంపూ అంతే, ఫొటోలో ఒక వైపు నుంచే కనిపిస్తోంది. అదెంతో కొలిచి చెప్పేవాళ్ళు లేరు. ఆయన చేతులకు మాత్రం తెలుసు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఉదయ్‌ని అడిగి ఎర్రమైనం బిళ్ళలు ఒక కట్ట తీసుకుంది. ఉదయ్ ల్యాబు ఓనరు. ఎందుకని అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి టీవీ నడుస్తూనే ఉంది. గేటు చప్పుడుకు ఆగలేదు. ఆమే వెళ్ళి ఆపింది.

"నాన్నా, లే. ఇట్టా కూర్చో."

మైనం బిళ్ళలు పొయ్యి సెగ మీద మెత్తబరిచి, ఒకదాని మీద ఒకటి వేసి, జానెడు పొడవు దిమ్మెలా చేసి ఆయన ముందు పీట మీద పెట్టింది.

"రెక్క కింద భాగం దీనిమీద ఆనుతుందనుకో. ఎంత వంపు ఉండాలో నీ చేత్తో నొక్కు. నేను దాన్నిబట్టి చేస్తా."

ఆయన ఆమె వైపు ముఖం తిప్పాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ దిమ్మె మధ్యలో పెట్టి, బయటికి జరుపుతూ మెల్లగా నొక్కడం మొదలుపెట్టాడు. మైనం చల్లబడి గట్టిపడినప్పుడల్లా ఆమె మళ్ళీ సెగకు పెట్టి ఇచ్చింది. ఆయన నొక్కేవాడు, ఆగేవాడు, అరచేతితో తడిమేవాడు, తల అడ్డంగా తిప్పి మళ్ళీ నొక్కేవాడు.

"ఎక్కడ వేశారు నిన్ను, అస్సాంలో? ఏం చేసేవాడివి రోజూ?"

"నూనె తుడిచేవాణ్ణి."

"నిజం చెప్పు."

"నిజమే చెప్తన్నా. ఆ ఇంజిన్లు ఒకటే నూనె కక్కేవి. ఎగిరొచ్చినప్పుడల్లా రెక్క కింద నల్లగా చారలు. తుడవడం, పగుళ్ళు చూడడం, మళ్ళీ తుడవడం. చలికి నూనె చేతుల మీద మైనంలా అయిపోయేది. మీ అమ్మకి జాబు రాస్తే కాయితం నిండా నా వేలిముద్రలే."

"బియ్యం వేసిన సంగతి చెప్పు."

ఆయన కాసేపు నొక్కుతూ ఉండిపోయాడు. "చెప్పడానికేముంది. లోయలో సైనికులు ఉండేవాళ్ళు, దారి లేదు. పొగ పెట్టేవాళ్ళు, యాడున్నారో తెలియడానికి. పొగ కనపడంగానే తలుపు కాడ బస్తాలు తోసేవాళ్ళం. నా నడుముకి తాడు కట్టారు, పడిపోకుండా. కిందకి చూస్తే మబ్బు, పొగ. మనుషులు కనపళ్ళా. బస్తాలు పడ్డయ్యో లేదో, పగిలినయ్యో, వాళ్ళు తిన్నారో, ఏం తెలీదు. వెనక్కి వచ్చినాక మళ్ళీ నూనె తుడవడమే." కొంచెం నవ్వాడు. "అప్పుడూ చానా అలిసిపోయేవాణ్ణి. ఇప్పుడు కూర్చుని అలిసిపోతన్నా."

ఆయన చేతులు ఎత్తేసరికి మైనం మీద వంపు తేలింది. షాహిస్తా దాన్ని ఫొటో పక్కన పెట్టి చూసింది. ఫొటోలో అంత వంపు లేదు. ఆయన నొక్కింది ఎక్కువ. ఎడమ వైపు కొంచెం, కుడి వైపు ఇంకొంచెం. చెబుదామనుకుని చెప్పలేదు. రెండు వైపులా సమానంగా ఉండేలా మాత్రం ఎడమ వైపు చెంచాతో గీకి సరిచేసింది. వంపు ఆయనదే ఉంచింది.

మైనం మీద ప్లాస్టరు పోసి ఆరనిచ్చి, రెక్క కూర్చునే గట్టి అచ్చు తయారుచేసింది. తర్వాతి ఆదివారం రెక్కను మళ్ళీ వేణ్ణీళ్ళలో వేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, రెండు చేతులా అదిమింది. కుడి వైపు చక్కగా కూర్చుంది. ఎడమ వైపు అప్పటికే చల్లారిపోయినట్టుంది. టక్కుమని చప్పుడైంది.

జాన్ సాహెబ్ కుర్చీలోంచి తల ఎత్తాడు. "విరిగిందా?"

షాహిస్తా చేతుల్లో రెండు ముక్కలు పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

"ఏ పక్క?"

"ఎడమ. ఇంజిన్ వచ్చే కాడ."

"ముక్కలు పోలేదుగా?"

"లేదు."

"అయితే రిపేరే," అన్నాడాయన. "ఇయ్యాల వొద్దులే. పోయి పడుకో. అదేం లేచిపోదు."

ఆమె నిజంగానే వెళ్ళి పడుకుంది. లేచేసరికి ఎండ వాలింది. మాబున్నీసా టీ పెట్టి ఇచ్చింది. టీ తాగాక, ల్యాబు సంచిలోంచి కట్టుడు పళ్ళకు కొక్కేలు వంచే స్టీలు తీగ తీసి, విరిగిన రెండు అంచుల్లోనూ సన్నటి బెజ్జాలు వేసి, తీగను వంపుకు తగ్గట్టు వంచి గుచ్చింది. సందుల్లో నింపడానికి ఆ సంచిలో ఉన్నది పళ్ళసెట్లకు వాడే గులాబి రంగు పొడి, దాని ద్రావకం. అదే కలిపి నింపింది. ఆరాక మీగడ రంగు రెక్క మీద గులాబి చార ఒకటి మిగిలింది.

మాబున్నీసా వంగి చూసింది. "ఇదేందే, విమానానికి చిగుళ్ళు వచ్చినయ్," అంది.

జాన్ సాహెబ్ పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో షాహిస్తాకు గుర్తు లేదు. తనకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే మెడ నొప్పి పుట్టింది, చేత్తో పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత పని తొందరగానే సాగింది. ఇంజిన్లు, చక్రాలు, తోక. పైన తెలుపు, కింద లోహం రంగు. రంగు కొట్టేటప్పుడు మాస్కు ఉన్నా ఆమెకు దగ్గు పట్టుకుంది, రెండు రోజులు వదలలేదు. ఇంజిన్ల ముందు తిరిగే పంకా రెక్కల కొసల రంగు దగ్గర పేచీ వచ్చింది. కాగితంలో పసుపు అని ఉంది. ఆయన ఎరుపు అన్నాడు. ఆయన యూనిఫాంలో ఒక విమానం ముందు నిలబడి తీయించుకున్న పాత ఫొటో బీరువాలోంచి తీశారు. అది నలుపు తెలుపు ఫొటో. అందులో కొసలు తెల్లగా ఉన్నాయి.

"పసుపయితేనే అట్టా తెల్లగా వస్తదేమో నాన్నా."

"ఎరుపే," అన్నాడాయన. మళ్ళీ తనే, "ఏమో. ఎరుపనే అనిపిస్తంది," అన్నాడు.

ఎరుపే వేసింది.

అయితే ఆ రంగులు ఆరేనాటికి ఆయన ఎడమకన్ను ఇంకా మసకబారింది. గుమ్మంలో ఎవరైనా నిలబడితే కూడా, వాళ్ళు కదిలితేనే తెలుస్తోంది. పూర్తయిన రోజు ఇంట్లో చూపిస్తే ఏమీ కనిపించడం లేదన్నాడు. షాహిస్తా ఆయన చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళింది. నాలుగు గంటల ఎండ. ఆకాశం తెల్లగా ఉంది. విమానాన్ని ఆయన ముఖానికి ఎదురుగా, ఆకాశం మీదికి ఎత్తి పట్టుకుంది.

ఆయన తల కొంచెం పక్కకు తిప్పాడు. కంటి మధ్యలో ఏమీ కనిపించదు, ఓరగా చూస్తే ఎంతో కొంత కనిపిస్తుంది. చాలాసేపు అలాగే చూశాడు. ఆమె చెయ్యి లాగడం మొదలైంది. దించలేదు.

"కనపడతందా?"

"రంగులు తెలీట్లా," అన్నాడు. "నల్లగా ఒకటి ఉంది. కొంచెం అటు తిప్పు. ఆ... ఆగు. వంపు తెలుస్తంది."

"తెలుస్తందా?"

"తెలుస్తంది. మనదే."

ఆమె మరికాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత ఇద్దరూ మెట్లు దిగారు. ఆయన గోడ పట్టుకుని ముందు, ఆమె విమానం పట్టుకుని వెనక.

వానలు పడేనాటికి ఆ కాస్త చూపూ పోయింది. విమానం టీవీ పక్కన చెక్క పీట మీద ఉంటుంది. ఆయన దాన్ని రోజూ ఏమీ తీసి పట్టుకోడు. ఎప్పుడైనా, టీవీ విసుగు పుట్టినప్పుడు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటాడు. ఇర్ఫాన్ ఇంట్లో ఉన్న రోజుల్లో అయితే, బస్తాలు ఎలా తోసేవారో ఆయన చెబుతాడు, ఇర్ఫాన్ లారీలో బస్తాలు ఎలా దించుతారో చెబుతాడు.

మొన్న మాబున్నీసా దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగులుకుని కుడి ఇంజిన్ పంకా రెక్క ఒకటి విరిగింది. ఆమె భయపడి, ఆ ముక్కను ఒక సీసా మూతలో వేసి, షాహిస్తా రాగానే చూపించింది. షాహిస్తా చున్నీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ మూతలోకి చూసింది. ఎర్రటి కొసతో, గోరు కన్నా సన్నటి ముక్క.

"ఇప్పుడే చేస్తా. జిగురు ఎక్కడ పెట్టావమ్మా?"

"ఇప్పుడొద్దు," అన్నాడు జాన్ సాహెబ్ కుర్చీలోంచి. "అడుగుల చప్పుడు వింటే తెలవట్లా? నిలబడలేకుండా ఉన్నావు. కూర్చో ముందు. ఆదివారం చూద్దాం."

ఆదివారం షాహిస్తా మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఆయన ఎవరినీ లేపనివ్వలేదు, టీవీ కూడా పెట్టుకోలేదు. ఆ తర్వాతి ఆదివారం ఇర్ఫాన్ వచ్చాడు, ఇద్దరూ కోటప్పకొండ రోడ్డున వాళ్ళ చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. ముక్క ఇంకా మూతలోనే ఉంది. ఎవరూ తొందర పడటం లేదు.